చెవి చెప్పినట్టు కన్ను

చెక్కలు పేర్చి కట్టిన గుండ్రటి బావి. దాని నిట్టనిలువు గోడ మీద మోటార్‌సైకిళ్లూ కార్లూ గిరగిరా తిరుగుతుంటాయి. అడుగున, నడిమధ్యన, ఒకాయన నిలబడి ర్యాప్ పాడుతుంటాడు. కాసేపటికి అతనే కారు కిటికీలోంచి సగం ఒళ్లు బయటపెట్టి, గోడ మీద తిరుగుతూ అదే పాట అందుకుంటాడు. 2024 జూలై 9న విడుదలైన ‘బిగ్ డాగ్స్’ వీడియో ఇది. పాడింది హనుమాన్‌కైండ్, అసలు పేరు సూరజ్ చెరుకాట్. పుట్టింది కేరళలోని మలప్పురం జిల్లాలో, చిన్నతనం గడిచింది అమెరికాలోని హ్యూస్టన్‌లో, ర్యాపర్‌గా నిలదొక్కుకున్నది బెంగళూరులో. బీట్ కట్టింది కల్మి, దర్శకుడు బిజోయ్ శెట్టి. షూటింగ్ మాత్రం మళ్లీ మలప్పురం జిల్లాకే చేరింది, పొన్నాని అనే తీరపట్టణానికి. ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 23వ స్థానం దాకా ఎక్కింది.

జాతరల్లో, ఎగ్జిబిషన్లలో ‘మౌత్ కా కువా’ చూసిన తెలుగువాళ్లకు ఆ బావి కొత్తేమీ కాదు. టికెట్ కొని మెట్లెక్కి పై అంచున నిలబడి, కిందినుంచి బండి దూసుకొస్తుంటే రెండడుగులు వెనక్కి వేసినవాళ్లు ఎందరో. కొత్తదనమంతా కెమెరాను ఆ బావిలోకి దింపడంలో ఉంది. మ్యూజిక్ వీడియో అంటే దెబ్బ దెబ్బకీ ఒక కట్ అని చాలామంది అనుకుంటారు. ఎడిటింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లు మొదట చేసేదీ అదే: టైమ్‌లైన్ మీద ప్రతి డ్రమ్ము దెబ్బకూ ఒక మార్కర్ పెట్టి, ప్రతి మార్కర్ దగ్గరా కత్తెర వేస్తారు. చూడ్డానికి హుషారుగా ఉంటుంది, ముప్పై సెకన్లు. ఆ తర్వాత కన్ను అలసిపోతుంది. ‘బిగ్ డాగ్స్’లో కట్‌లు లేవని కాదు, బాగానే ఉన్నాయి. కానీ వేగం పుట్టేది వాటివల్ల కాదు. తిరిగే బండ్లే ఆ వీడియోకు సగం తాళం.

ఆ బండి ఎందుకు పడిపోదో ముందు చూడాలి, ఎందుకంటే కెమెరా లెక్కలన్నీ దాని వేగం మీదే నిలబడ్డాయి. బండి తిన్నగా పోవాలని చూస్తుంది, గోడ దాన్ని లోపలికి నెడుతుంది. ఆ నెట్టుడు ఎంత గట్టిగా ఉంటే టైరుకూ చెక్కకూ మధ్య రాపిడి అంత గట్టిగా ఉంటుంది. ఆ రాపిడే బండి బరువును మోస్తుంది. పది మీటర్ల వ్యాసం ఉన్న బావి అనుకుందాం. రాపిడి గుణకం 0.7 అనుకుంటే, గంటకు 30 కిలోమీటర్ల కంటే తగ్గితే బండి జారిపోతుంది. ఇది పుస్తకంలో లెక్క. ప్రాణం మీద ఆశ ఉన్నవాడు అంచున నడపడు కాబట్టి 45 వేసుకుందాం. అప్పుడు నడిపేవాడి మీద గోడ వేసే ఒత్తిడి అతని బరువుకు మూడు రెట్లు దాటుతుంది. ఒక చుట్టు తిరగడానికి పట్టేది రెండున్నర సెకన్లే.

ఇప్పుడు కెమెరా సంగతి. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. ఒక్కో ఫ్రేముకూ షట్టర్ తెరుచుకుని ఉండేది మామూలుగా సెకనులో యాభయ్యో వంతు. ఆ కాసింత సమయంలో మన బండి 25 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. కెమెరాను కదలకుండా ఒకచోట పెడితే, ప్రతి ఫ్రేములోనూ బండి 25 సెంటీమీటర్ల మేర అలుక్కుపోయిన గీతలా పడుతుంది, గోడ చెక్కలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. అదే కెమెరామన్ బావి మధ్యలో నిలబడి బండితో పాటు తిరిగితే సీను తారుమారు: బండి మీద మనిషి ముఖం స్పష్టం, చెక్కలన్నీ గీతలు. రెండు షాట్లలోనూ బండి వేగం ఒకటే. మొదటిదాంట్లో చూసేవాడు పక్కన నిలబడ్డ ప్రేక్షకుడు, రెండోదాంట్లో బండి వెనక సీటు మీద కూర్చున్నవాడు.

రెండో అనుభూతి ఎందుకు కలుగుతుందో బెంగళూరు మెజెస్టిక్ రైల్వే స్టేషన్‌లో ఆగిన రైల్లో కూర్చుంటే తెలిసిపోతుంది. పక్క ట్రాక్ మీది రైలు కదిలితే, కదిలింది మన రైలే అనిపిస్తుంది. చూపు అంచుల్లో దృశ్యమంతా ఒకే దిక్కుకు జారిపోతుంటే, కదులుతున్నది ఒళ్లేనని మెదడు తేల్చేస్తుంది. గుండ్రటి బావిలో ఏ వైపు తిరిగినా వెనక గోడే కాబట్టి, ఆ జారుడుకు ఎక్కడా ఆటంకం ఉండదు. ఆకాశం లేదు, చెట్టు లేదు, దూరంగా కదలకుండా నిలబడే కొండ లేదు.

ఇలాంటి చోట డిజిటల్ కెమెరాకు ఒక తిప్పలు ఉంది. ఇప్పటి కెమెరాల్లో చాలావాటి సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారి చదవదు, పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది. ఆ చదువుడుకు 15 మిల్లీసెకన్లు పట్టే కెమెరాను రెండున్నర సెకన్లకో చుట్టు చొప్పున తిప్పితే, పైవరసకూ కిందివరసకూ మధ్య కెమెరా రెండు డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది. అందుకే నిలువు చెక్కలు ఏటవాలుగా ఒరిగి కనిపిస్తాయి. వేగంగా చదివే ఖరీదైన సెన్సర్ తెచ్చుకోవాలి, లేదా ఆ ఒరుగుడునే అందంగా వాడుకోవాలి. ర్యాప్ వీడియోలకు రెండో దారీ నప్పుతుంది, పెళ్లి వీడియోలకు నప్పదు.

అసలు రహస్యం కంటిలో కన్నా చెవిలో ఎక్కువగా ఉంది. 2000 సంవత్సరంలో లాడన్ షామ్స్, ఆమె సహచరులు ‘నేచర్’ పత్రికలో చిన్న ప్రయోగం ఒకటి ప్రచురించారు. తెర మీద ఒకే ఒక మెరుపు చూపిస్తారు. అదే క్షణంలో టక్ టక్ మని రెండు శబ్దాలు వినిపిస్తారు. చూసినవాళ్లలో ఎక్కువమంది రెండు మెరుపులు చూశామన్నారు. అబద్ధం చెప్పలేదు పాపం, వాళ్లకు నిజంగానే రెండు కనిపించాయి. కాలం విషయంలో చెవి చెప్పిందే మెదడు ఎక్కువగా నమ్ముతుంది, కన్ను దాని వెంట నడుస్తుంది. చోటు విషయంలో ఇది తిరగబడుతుంది. సినిమా హాల్లో మాట స్పీకర్లోంచి వచ్చినా హీరో నోట్లోంచే వచ్చినట్టుంటుంది, అక్కడ కన్నుదే పెత్తనం.

ఈ ఒక్క ప్రయోగం పాటల ఎడిటర్‌కు చాలా పనికొస్తుంది. డ్రమ్ము రెండు దెబ్బలు వేసినప్పుడు తెర మీద బొమ్మ ఒక్కసారి కదిలినా, చూసేవాడి బుర్ర రెండో దాన్ని తానే కల్పించుకునే అవకాశం ఉంది. ప్రతి దెబ్బకూ కట్ వేయడమంటే చెవి ముందే చెప్పేసిన కబురును కంటికి మళ్లీ చెప్పడం. ఎక్కడ కట్ వేయాలన్నదాని కన్నా ఎక్కడ వేయకుండా ఊరుకోవాలన్నదే కష్టమైన విద్య.

మరి వేయాల్సిన చోట? దానికి లెక్క ఉంది. సెకనుకు 24 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు. 96 దెబ్బల పాటలో 15 ఫ్రేములు. 100 దెబ్బల పాట దగ్గర చిక్కు వస్తుంది, 14.4 ఫ్రేములు. ఫ్రేమును ముక్కలు చేయలేం కదా. 14 చొప్పున లెక్కపెట్టుకుంటూ పోయిన ఎడిటర్ పదో దెబ్బకు చేరేసరికి నాలుగు ఫ్రేములు ముందుకు పోతాడు, పాట ఒక దారి, బొమ్మ ఒక దారి. ప్రతి దెబ్బనూ విడిగా వేవ్‌ఫార్మ్ మీద చూసుకుని దగ్గరి ఫ్రేముకు సర్దితే తప్పు ఎప్పుడూ అర ఫ్రేము దాటదు. 21 మిల్లీసెకన్ల తేడాను పసిగట్టే కన్ను అరుదు. టీవీ కోసం సెకనుకు 25 ఫ్రేములతో తీస్తే అదే 100 దెబ్బల పాట నిక్కచ్చిగా 15 ఫ్రేములకు కుదురుకుంటుంది.

అనుభవం ఉన్న ఎడిటర్లు కట్‌ను సరిగ్గా దెబ్బ మీద వేయరు. ఒకటో రెండో ఫ్రేములు ముందు వేస్తారు. అడిగితే ‘అలా అయితేనే కూర్చుంటుంది’ అంటారు, అంతకన్నా వివరణ ఇవ్వరు. శరీరశాస్త్రం దగ్గర వివరణ ఉంది. శబ్దానికి మనిషి స్పందించే వేగం బొమ్మకు స్పందించే వేగం కన్నా కొంచెం ఎక్కువ, తేడా ఇంచుమించు 30 నుంచి 40 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక ఫ్రేము. బొమ్మను ఆ మేరకు ముందుగా బయల్దేరదీస్తే రెండూ మెదడుకు ఒకేసారి చేరతాయి. పైగా బొమ్మ ముందూ శబ్దం వెనకా రావడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. 34 మీటర్ల దూరంలో డప్పు కొడుతుంటే కర్ర పడటం ముందు కనిపిస్తుంది, మోత సెకనులో పదోవంతు ఆలస్యంగా వినిపిస్తుంది, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ప్రసార సంస్థల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన ప్రమాణంలోనూ ఈ పక్షపాతం కనిపిస్తుంది. శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే గానీ జనం గమనించరు, అదే 45 మిల్లీసెకన్లు ముందుకొస్తే చాలు పట్టేస్తారు.

కట్ వేసిన ప్రతిసారీ కన్ను కొంత మూల్యం చెల్లిస్తుంది. కొత్త షాట్‌లో చూడాల్సిన వస్తువు మరోచోట ఉంటే, చూపు అక్కడికి దూకడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఐదు ఫ్రేములు గాలికి పోయినట్టే. అర సెకను షాట్‌లో అది పెద్ద వాటా. వేగంగా కట్ చేసి కూడా తికమక లేకుండా చూపించాలంటే ప్రతి షాట్‌లోనూ ముఖ్యమైనదాన్ని ఒకే చోట, నట్టనడుమ, పెట్టుకోవాలి. 2015 నాటి ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ ఈ పద్ధతికి పేరుపొందింది. మార్గరెట్ సిక్సెల్ ఎడిట్ చేసిన ఆ సినిమాలో కట్‌లు వేలల్లో ఉన్నా చూపు మధ్యలోంచి పెద్దగా కదలనక్కర్లేదు. గుండ్రటి బావికి నడుమ అనేది పుట్టుకతోనే ఉంది. మధ్యలో మనిషి, చుట్టూ బండ్లు. ఫ్రేము పెట్టేవాడికి సగం పని తప్పినట్టే.

కట్ కనిపించకుండా పోయే సందర్భాలూ ఉన్నాయి. టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ 2008లో కొందరికి సినిమా ముక్కలు చూపించి, కట్ వచ్చినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కేవలం కట్‌ల కోసమే కళ్లు చించుకుని చూస్తున్నవాళ్లు కూడా, ఒక కదలిక మధ్యలో పడిన కట్‌లలో సుమారు మూడోవంతు గమనించలేకపోయారు. చెయ్యి లేవడం ఒక షాట్‌లో, దించడం మరో షాట్‌లో ఉంటే మెదడుకు చెయ్యే కనిపిస్తుంది, అతుకు కనిపించదు. డాన్స్ పాటల్లో స్టెప్పు మధ్యలో కట్ వేయడం వెనక ఉన్నది ఇదే.

ప్రఖ్యాత ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఇంకో అడుగు ముందుకేసి, మంచి కట్ మనిషి కన్ను ఆర్పే చోట పడుతుందన్నాడు. ఆలోచన ముగిసినప్పుడు రెప్ప పడుతుందని ఆయన నమ్మకం. అప్పట్లో అది ఒక కళాకారుడి ఊహ. 2009లో తమామి నకానో బృందం జపాన్‌లో ‘మిస్టర్ బీన్’ హాస్య దృశ్యాలు చూపిస్తూ ప్రేక్షకుల కళ్లను కొలిచింది. ఒక పని పూర్తయిన చోట, ముఖ్యమైనదేమీ జరగని చోట, వేర్వేరు మనుషులు ఇంచుమించు ఒకేసారి రెప్ప వేస్తున్నారని తేలింది. కథ లేని దృశ్యాలు చూపితే ఆ కలయిక లేదు. మర్చ్ మంచి కట్‌కు ఆరు కొలమానాలు చెప్పి మార్కులు కూడా పంచాడు: భావోద్వేగానికి 51, కథకు 23, లయకు 10, మిగతావి అంతకన్నా తక్కువ. ఆయన మాట్లాడింది కథాచిత్రాల గురించి, పాటలకు లయ వాటా పెరుగుతుంది, నిజమే. అయినా లయకు నూటికి నూరు వేసేసిన వీడియోలు యూట్యూబ్‌లో కొల్లలు.

కట్ వేయకుండా పాటను నిలబెట్టడం ఎలాగో చూడాలంటే బెంగళూరు చరిత్రలోనే వెనక్కి వెళ్లాలి.

కె.ఆర్. సర్కిల్ దగ్గర శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్ ఉంది. 1943లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో చేతిపనుల విద్యాసంస్థగా మొదలైంది. ఇంజినీర్ మహాశయుడి పట్టికలో రకరకాల వృత్తులతో పాటు సినిమాటోగ్రఫీ కూడా చేరడం ఈ దేశపు సినిమా చేసుకున్న అదృష్టం. అక్కడ తొలి బ్యాచ్‌లో చదివిన మైసూరు కుర్రాడు వి.కె. మూర్తి. 1923లో పుట్టి, 1946లో డిప్లొమా చేతపట్టుకుని బొంబాయి చేరాడు. 1951లో ‘బాజీ’ షూటింగ్‌లో ఆయన కెమెరామన్ కాదు, సహాయకుడు. ఒక పాటలో కదిలే షాట్ కష్టమైనది ఒకటి తాను తీసి చూపిస్తానని ముందుకొచ్చాడు. తీశాడు. ఆ దర్శకుడు, అదే బెంగళూరులో 1925 జూలై 9న పుట్టిన గురుదత్, ఆ తర్వాత మూర్తిని వదల్లేదు. ‘బిగ్ డాగ్స్’ విడుదలైంది గురుదత్ పుట్టినరోజునే. కాకతాళీయమే అయినా బెంగళూరువాళ్లు చెప్పుకోవడానికి బాగుంటుంది.

1959లో వచ్చిన ‘కాగజ్ కే ఫూల్’ దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం. అందులో గీతా దత్ పాడిన ‘వక్త్ నే కియా’ పాటలో ఎవరూ పెదవులు కదపరు, గొంతు ఎక్కడినుంచో వస్తుంది. ఖాళీ స్టూడియోలో ఇద్దరు మనుషులు దూరదూరంగా నిలబడి ఉంటారు, పైనుంచి పెద్ద వెలుగు స్తంభం నేలమీదికి దిగుతుంటుంది. కెమెరా నెమ్మదిగా జరుగుతుంది. అంతే. ఆ వెలుగే పాటలో మూడో పాత్ర.

ఆ స్తంభాన్ని మూర్తి దీపంతో చేయలేదు. పెద్ద అద్దాలతో బయటి ఎండను పట్టి లోపలికి తెచ్చాడు. స్టూడియో దీపం దగ్గరలో ఉంటుంది కాబట్టి దాని కిరణాలు విచ్చుకుంటూ పోతాయి, పైన సన్నగా కింద వెడల్పుగా, బోర్లించిన గరాటులా పరుచుకుంటాయి. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. అక్కడినుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరం. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీయే కాబట్టి, ఎండ పుంజం పది మీటర్లు ప్రయాణించినా తొమ్మిది సెంటీమీటర్లకు మించి విచ్చుకోదు. స్తంభంలా నిలబడ్డానికి కారణం అది. గాలిలో పొగ పెడితే కణాలు వెలుగును అన్ని వైపులా చెదరగొట్టి, పుంజం పక్కనుంచి కూడా కనిపిస్తుంది. సూర్యుడితో ఇబ్బంది ఒక్కటే, నిలకడ లేదు. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. అద్దానికీ నేలకూ మధ్య ఇరవై మీటర్లుంటే ఆ నాలుగు నిమిషాల్లో వెలుగు మచ్చ 35 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. నటులు గీత మీద నిలబడాలి, అద్దం పట్టినవాడు సూర్యుడి వెంట అద్దాన్ని తిప్పుతుండాలి.

సినిమా ఆడలేదు. మూర్తికి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. అదే పాలిటెక్నిక్‌లో 1962లో చదువు ముగించుకున్న గోవింద్ నిహలానీ ఆయన దగ్గర సహాయకుడిగా చేరాడు. 2008 సంవత్సరానికి ప్రకటించిన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మూర్తికి దక్కింది, కెమెరామన్‌కు ఆ గౌరవం అందడం అదే మొదటిసారి. చివరి రోజులు బెంగళూరులోనే గడిపి 2014లో కన్నుమూశాడు.

మూర్తి ఎండను స్టూడియోలోకి తెస్తే, అంతకు రెండేళ్ల ముందు మద్రాసులో మార్కస్ బార్ట్లే స్టూడియోలోనే వెన్నెల కాయించాడు. ‘మాయాబజార్’ పడవ పాటలో తెలుగువాళ్లు తరతరాలుగా చూసి మురిసిన చంద్రకాంతి చాలావరకు స్టూడియో లైట్ల మహిమే. అక్కడా కట్‌లు తక్కువ. పడవ ఊగుతుంది, నీళ్లు తళుకుమంటాయి, లయ వాటిలోనే ఉంది.

డాన్స్ దగ్గరికి వస్తే ఈ నిగ్రహం సాక్ష్యంగా మారుతుంది. 1930లలో ఫ్రెడ్ ఆస్టైర్ తన పాటల్లో తలనుంచి పాదందాకా ఫ్రేములో ఉండాలనీ, కట్‌లు వీలైనంత తక్కువగా ఉండాలనీ పట్టుబట్టేవాడు. కాళ్లు విడిగా, ముఖం విడిగా చూపిస్తే ఆడింది ఎవరో ఏం నమ్మకం? 2021 ఆగస్టులో కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు ‘నాటు నాటు’ తీసినప్పుడు రాజమౌళి కోరుకున్నదీ ఆ నమ్మకమే. ప్రేమ్ రక్షిత్ కూర్చిన స్టెప్పుల్లో ఇద్దరు హీరోల కాళ్లు ఒకే క్షణంలో లేవాలి, ఒకే క్షణంలో వాలాలి. కె.కె. సెంథిల్ కుమార్ కెమెరా ఇద్దరినీ నిలువెత్తున ఒకే ఫ్రేములో పట్టుకుంది, ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ ఆ స్టెప్పులను ముక్కలు చేయలేదు. కట్ పడితే ఆ జోడీ ఎడిటింగ్ బల్ల మీద కుదిరిందేమో అన్న అనుమానం మిగిలేది. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది పాటకే, బొమ్మకు కాదు. కానీ ప్రపంచం ఆ పాటను మొదట కాళ్లతోనే విన్నది.

కాలాన్ని సాగదీయడం మరో విద్య. పాట మామూలు వేగంలో వినిపిస్తుంటుంది, పెదవులు సరిగ్గా పదాలకు సరిపోతుంటాయి, జుట్టు మాత్రం నీళ్లలో ఉన్నట్టు మెల్లగా తేలుతుంటుంది. ఇది సెట్లో జరిగే మోసం. కెమెరాను సెకనుకు 48 ఫ్రేములకు పెట్టి, పాటను రెండింతల వేగంతో వినిపిస్తారు. పాడేవాడు ఆ కీచు పాటకు గబగబా పెదవులు ఆడిస్తాడు. తర్వాత 24 ఫ్రేములతో చూపిస్తే ప్రతిదీ సగం వేగానికి దిగుతుంది, పెదవులు మామూలుగా, మిగతా లోకం మందంగా. కోల్డ్‌ప్లే బృందం ‘ఎల్లో’ వీడియోలో సముద్రతీరాన నడుస్తూ పాడే క్రిస్ మార్టిన్ చేసింది ఇదే, సెకనుకు 50 ఫ్రేములతో. టేపు రోజుల్లో వేగం రెట్టింపైతే శ్రుతి కూడా ఒక స్థాయి పైకెక్కేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ శ్రుతి మారకుండా వేగం పెంచుతుంది కాబట్టి సెట్లో నవ్వులు తగ్గాయి. ఇదే పనిని హద్దులు దాటించింది అమెరికా బృందం ఓకే గో. 2016 నాటి ‘ద వన్ మొమెంట్’ వీడియోలో పాటలో ఎక్కువ భాగం పొడవునా కనిపించే పేలుళ్లూ రంగుల చిందులూ నిజానికి జరిగింది 4.2 సెకన్లలో.

బెంగళూరు వీధుల్లో రాత్రిపూట తీయబోతే, స్లో మోషనైనా మామూలు వేగమైనా, కరెంటు అడ్డం వస్తుంది. అమెరికా యూట్యూబ్ గురువులు చెప్పిన సూత్రం చూసి, షట్టర్‌ను 180 డిగ్రీలకు, అంటే సెకనులో 48వ వంతుకు పెట్టుకుని, రాత్రిపూట ట్యూబ్‌లైట్ల వెలుగులో అవెన్యూ రోడ్డు దుకాణం ముందు షూట్ చేసిన కుర్రాడికి ఇంటికొచ్చాక వీడియోలో వెలుగు సెకనుకు నాలుగుసార్లు అదురుతూ కనిపిస్తుంది. కెమెరా చెడిపోయిందనుకుంటాడు. చెడిపోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100సార్లు మెరిసి తగ్గుతుంది. 24 నాలుగులు 96, మిగిలిన నాలుగూ తెర మీద అదురుగా తేలతాయి. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి మెరుపులు 120, ఆ సంఖ్యను 24 నిశ్శేషంగా భాగిస్తుంది, అక్కడి గురువుకు ఈ గొడవే తెలియదు. మనవాళ్ల మందు 172.8 డిగ్రీల షట్టర్. అప్పుడు షట్టర్ సరిగ్గా సెకనులో యాభయ్యో వంతు తెరుచుకుంటుంది, ప్రతి ఫ్రేములోనూ అచ్చంగా రెండు మెరుపులు పడతాయి, అదురు మాయమవుతుంది. 48 ఫ్రేముల స్లో మోషన్‌కు సెకనులో నూరో వంతు పెడితే ఒక్క మెరుపు పడుతుంది, పని జరుగుతుంది. 120 ఫ్రేములకు వెళితే మాత్రం దారి లేదు, షట్టర్ ఎంత తెరిచినా ఒక పూర్తి మెరుపు పట్టదు. అలాంటి షాట్ల కోసం అదరని ఎల్ఈడీలు తెచ్చుకోవాలి, లేదా మూర్తిలాగా సూర్యుడిని నమ్ముకోవాలి.

డ్రోన్‌తో పైనుంచి తీద్దామన్నా బెంగళూరులో సులువు కాదు. హెచ్‌ఏఎల్ విమానాశ్రయం, యలహంక వైమానిక స్థావరం, జక్కూరు ఏరోడ్రోమ్ చుట్టుముట్టి ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాల మ్యాపు చూసుకోకుండా ఎగరేస్తే పాటకు బదులు కేసు మిగులుతుంది.

తీసినదంతా చివరికి చేరేది అరచేతిలోకి. సినిమాస్కోప్ ఫ్రేమును ఫోన్ నిలువు తెరకు సరిపడా కోస్తే మిగిలేది నాలుగోవంతు కన్నా తక్కువ. ‘కాగజ్ కే ఫూల్’లో దూరదూరంగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరు కచ్చితంగా ఫ్రేము బయటపడతారు, పాటకు అర్థమే పోతుంది. మామూలు 16:9 వీడియోను నిలువుగా కోసినా వెడల్పులో 32 శాతమే దక్కుతుంది. నడుమ మనిషిని పెట్టి తీసిన వీడియో ఈ కోతను తట్టుకుంటుంది. అందుకే ఇప్పుడు షూటింగ్‌లో మానిటర్ మీద నిలువు తెర హద్దుల్ని ముందే గీసుకుని, రెండు తెరలకూ పనికొచ్చేలా మనుషుల్ని నిలబెట్టడం మామూలైంది. చుట్టూ జరిగే సందడి పెద్ద తెరకు, మధ్య మనిషి ఫోనుకు.

ఇంతా చేశాక బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఒకటి మిగిలి ఉంటుంది. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి సాధారణ ఇయర్‌ఫోన్లలో నూరు నుంచి రెండొందల మిల్లీసెకన్ల ఆలస్యం కావచ్చు, అంటే సుమారు రెండున్నర నుంచి ఐదు ఫ్రేములు. వీడియో యాప్‌లు ఆ ఆలస్యాన్ని కనుక్కుని బొమ్మను కూడా అంతే సేపు ఆపి సర్దుతాయి, అన్ని ఫోన్లలోనూ అన్ని ఇయర్‌ఫోన్లతోనూ ఒకేలా సర్దలేవు. అందుకని జాగ్రత్త ఉన్న ఎడిటర్ ఫైనల్ కాపీని స్టూడియో స్పీకర్ల మీద ఒకసారి, చవక ఫోనులో చవక ఇయర్‌ఫోన్ పెట్టుకుని మరోసారి చూస్తాడు. రెండోసారి చూసినప్పుడు, దెబ్బ మీద నిక్కచ్చిగా వేసిన కట్‌లు ముందు తేలిపోతాయి. ఫ్రేములో ఏదో ఒకటి కదులుతూ ఉన్న షాట్లకు మాత్రం ఆ కొద్ది ఫ్రేముల తేడా పెద్దగా తగలదు.